పన్నీరు బట్టీ మీద అయిదు చుక్కలు

సింగపూరు వెళ్లొచ్చానంటే అందరూ అడిగేది ఒకటే, నోట్లోంచి నీళ్లు చిమ్మే ఆ సింహం బొమ్మ చూశారా అని. చూడలేదు. మూడు మేడల నెత్తిన పడవ పెట్టినట్టుండే ఆ హోటలూ చూడలేదు. వారం రోజులు ఉండి, అందులో మూడు రోజులు ఒక పాత రేకుల షెడ్డులో గడిపి వచ్చాను. "మా ఆవిడ విమానం ఎక్కి వెళ్లి గిన్నెలు తోమి వచ్చింది" అని మా వారు చుట్టాలందరికీ చెబుతున్నారు. ఆ మాటలో అబద్ధం లేదు. ఆ తోముడు గురించే రాస్తున్నాను.

ముందు మా ఇంటి సంగతి కొంత చెప్పాలి. కడియం దగ్గర మా నాన్నగారికి బట్టీ ఉండేది. బట్టీ అనగానే సారా బట్టీ అనుకునేరు, పన్నీరు బట్టీ. పెళ్లి పందిరి గుమ్మంలో వెండి బుడ్డితో మీద చిలకరిస్తారే, ఆ గులాబీ నీరు కాచే బట్టీ. రెండు పెద్ద రాగి బానలు, వాటి కింద పొయ్యిలు, చుట్టూ ఎప్పుడూ గులాబీ రేకుల గుట్టలు. శుక్రవారం పొయ్యి వెలిగించేవారు కాదు. ఆ రోజు బానలు తోమే పని నాది. చింతపండు, ఉప్పు, కొబ్బరి పీచు పెట్టి రుద్ది రుద్ది అద్దంలా చేసేదాన్ని. నాన్నగారు వచ్చి చూసి "లక్ష్మీదేవి ముఖంలా ఉందమ్మా" అనేవారు. ఆయన పంచెల నిండా సున్నపు మరకలు ఉండేవి, అమ్మ వాటిని ఉతకలేక విసుక్కునేది. ఇంతకు మించి ఆ బట్టీ గురించి నాకు పెద్దగా గుర్తు లేదు.

నాన్నగారు పోయాక అన్నయ్యా నేనూ కలిసి ఆ బానల్ని పాత సామాన్లవాడికి తూకానికి అమ్మేశాం. నా వాటాతో వాషింగ్ మెషిన్ కొన్నాను. అది ఎనిమిదేళ్లు పనిచేసింది. నేను ఆడపిల్లల కాలేజీలో కెమిస్ట్రీ డెమాన్‌స్ట్రేటర్‌గా చేరి, ముప్ఫై ఏళ్లు పిల్లలకు ఆమ్లాలూ క్షారాలూ చూపించి, రిటైరయ్యాను. బట్టీ మాట ఎప్పుడో మరిచిపోయాను. అలాంటిది మొన్న దసరా వెళ్లాక మా అక్క కూతురు కీర్తన సింగపూరు నుంచి ఫోన్ చేసింది.

"పిన్నీ, నీ పన్నీరు బట్టీ ఇక్కడ దొరికింది! ఆంగ్ మో కియోలో పాత ఫ్యాక్టరీ అంట. లీజ్ అయిపోతోందంట, డిమాలిష్ చేసేస్తారంట. హెరిటేజ్ కింద ఉంచొచ్చా లేదా అని చూడ్డానికి ఆఫీసర్స్ వస్తున్నారు. ఆ లోపల క్లీన్ చేయడానికి వాలంటీర్స్ కావాలని మా తెలుగు గ్రూప్‌లో పెట్టారు. వచ్చెయ్యి, నువ్వే మా ఎక్స్‌పర్ట్!"

ఎక్స్‌పర్ట్ అన్న మాటకు పడిపోయాను. పొగిడితే పొంగిపోవడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు.

పుంగ్గోల్

కీర్తన చాంగీ బిజినెస్ పార్క్‌లో ఒక బ్యాంకులో పనిచేస్తుంది. ఉండేది పుంగ్గోల్‌లో, పద్నాలుగో అంతస్తు ఫ్లాటులో. కిటికీలోంచి చూస్తే నీళ్లు, అవతల మలేషియా, ఇవతల ఒకే అచ్చులో పోసినట్టుండే కొత్త మేడలు. "ఇవి ఎప్పటివే?" అంటే "పదేళ్లవి పిన్నీ, కొంచెం పాతవే" అంది. నలభై ఏళ్లు దాటిన మేడను ఇక్కడ ముసలిదానికింద లెక్కగడతారట. నా వయసు గుర్తొచ్చి మాట మార్చాను.

ఆ సాయంత్రం కింద ఉన్న హాకర్ సెంటర్‌కి తీసుకెళ్లింది. వంద రకాల వంటల దుకాణాలు, మధ్యలో బల్లలు, కాలు పెట్టే చోటు లేదు. కీర్తన ఆర్డర్ ఇవ్వడానికి వెళ్లింది. నేను వెతికి వెతికి ఒక ఖాళీ బల్ల పట్టాను. దాని మీద ఎవరో మరిచిపోయిన టిష్యూ ప్యాకెట్ ఉంది. దొరికిందే చాలని అందులోంచి రెండు తీసి బల్ల తుడిచాను, ఇంకోటి తీసి ముక్కు తుడుచుకున్నాను. ఇంతలో ఒక చైనా పెద్దాయన నూడుల్స్ పళ్లెం పట్టుకుని వచ్చి, నన్నూ ఆ ప్యాకెట్‌నీ మార్చి మార్చి చూస్తూ నిలబడ్డాడు.

కీర్తన పరుగెత్తుకొచ్చింది. "అయ్యో పిన్నీ, అది చోప్! ప్యాకెట్ పెడితే సీటు వాళ్లదని అర్థం. సారీ అంకుల్, సారీ!"

ఆయన నవ్వి "నెవర్ మైండ్ లా" అని ఎదురుగా కూర్చున్నాడు. ముగ్గురం ఒకే బల్ల మీద తిన్నాం. నాకు సిగ్గేసింది. కిటికీలోంచి తువ్వాలు విసిరి ఆర్టీసీ బస్సులో సీటు పట్టే జాతిలో పుట్టినదాన్ని, నాకు ఆ మాత్రం తెలియొద్దూ? చెత్తలా కనిపించిందల్లా చెత్త కాదని ఆ రోజే నేర్చుకోవలసింది. నేర్చుకోలేదు. కాఫీ డాలరున్నర, అరవై అయిదుతో గుణించుకుని చుక్క మిగల్చకుండా తాగాను.

ఆంగ్ మో కియో

మర్నాడు శుక్రవారం. పాత పేటల మధ్య, బస్సు గ్యారేజీ లాంటి షెడ్ల వరసలో చివరిది ఆ ఫ్యాక్టరీ. బోర్డు మీద గులాబీ బొమ్మ వెలిసి ఉల్లిపాయలా మిగిలింది. గేటు దగ్గర హమీదా నిలబడి ఉంది. అరవై ఏళ్లుంటాయి, తలకు లేత పచ్చ గుడ్డ కట్టుకుంది. ఆమె తాత పెట్టిన ఫ్యాక్టరీ ఇది. నాతో ఇంగ్లిష్‌లో, లోపల ఉన్నాయనతో తమిళంలో, ఫోన్‌లో మలయ్‌లో, ఒకే గుక్కలో మూడూ మాట్లాడింది.

లోపల అడుగు పెట్టగానే నా కాళ్లు ఆగిపోయాయి. బట్టీ ఆగి ఆరేళ్లయిందట. అయినా గోడలు వాసన వేస్తున్నాయి. తాజా గులాబీ వాసన కాదు. తడి మట్టి, కాలిన రేకులు, చిలుము పట్టిన రాగి అన్నీ కలిసిన వాసన. మా ఇంట్లో నాన్నగారి చొక్కాలకు ఉండే వాసన. నాకు కళ్లమ్మట నీళ్లొచ్చాయి. దుమ్ము అని చెప్పి తుడుచుకున్నాను.

"ఏటమ్మా, దుమ్మా? నాకూ రోజూ పడతాది అదే దుమ్ము" అన్నాడు లోపలి నుంచి ఒక ముసలాయన.

ఆయన పేరు సన్యాసిరావు. అందరికీ సన్యాసి అంకుల్. పేరే సన్యాసి, నలుగురు పిల్లలు, తొమ్మిది మంది మనవలు. తండ్రి విజయనగరం వైపు నుంచి ఓడలో వచ్చి హమీదా తాత దగ్గర బట్టీ పెట్టాడట. ఆయన తర్వాత ఈయన. డెబ్బై ఎనిమిదేళ్లు వచ్చినా ఆ వైపు తెలుగు ఈయన నాలుక మీద అలాగే ఉంది, మధ్య మధ్య తమిళం, మలయ్ పోపు పడినా.

ఇటుక పొయ్యి మీద రాగి బాన, నేను రెండు చేతులు చాపినా చుట్టు అందనంత వెడల్పు. దాని మీద గంట ఆకారంలో పొడుగు మెడ. మెడ నుంచి గొట్టం వంగి నీళ్ల తొట్టిలో మునిగిన కూజాలోకి దిగుతుంది. కింద నీళ్లు, రేకులు కాగితే ఆవిరి మెడలోకి ఎక్కి, గొట్టంలో దిగి, కూజాలో చల్లబడి పన్నీరవుతుంది. మా ఇంట్లోదే, అచ్చంగా. కాకపోతే ఇది నల్లగా, పచ్చగా చిలుము పట్టి, మెడ మీద అక్కడక్కడా తెల్లగా ఏవో పెచ్చులు కట్టి, చూడ్డానికి దిక్కూ మొక్కూ లేనట్టు ఉంది.

"అంకుల్, మీరు థర్మామీటరు పెట్టరా?" అని అడిగాను. ముప్ఫై ఏళ్ల లాబ్ బుద్ధి.

"అరచెయ్యి పెడతాను. సోమారం నాడు ఆఫీసరమ్మ వొస్తాది కదా, ఆవిడ ముందరే అంతా చెప్తాను. ఇప్పుడే చెప్పీస్తే రుచి పోతాది. రేపు నాకు కంటి ఆపరేసను, అది అయిపోనీ."

హమీదా మాకు పని పంచింది. కింద గచ్చు, కిటికీలు, సీసాల అలమారలు, అంతే శుభ్రం చేయాలంది. ప్రభుత్వ భూమి కాబట్టి లీజు పొడిగించరని, కనీసం ఈ పొయ్యీ బానా ఉన్నచోట ఉండనిస్తే చాలని చెప్పింది. "సోమవారం వచ్చే మిస్ టాన్ చూసి రాసేదాని మీదే ఉంది. మా తాత, మా నాన్న, నేను. నాతో ఆగిపోయిందంటే ఆగనివ్వు. కానీ ఉండేదని తెలియాలి కదా" అంది.

రాగి సంగతి ఆమె ఎత్తనే లేదు. వీళ్లకు రాగి తోమడం రాదు కాబోలు, అందుకే వదిలేశారు అనుకున్నాను.

తెక్కా

సాయంత్రం తెక్కా మార్కెట్‌కు వెళ్లాం. దీపావళి దగ్గరపడింది, వీధి నిండా దీపాల తోరణాలు. కరివేపాకు కట్ట మన దగ్గర కొసరుగా వేసేది, ఇక్కడ డాలరు. మునక్కాడ ఒక్కోటి లెక్కన. పూల కొట్టు ముందు నిలబడ్డాను. మాలలు కట్టే ఒక తమిళావిడ చేతులు చూస్తుంటే పొద్దు తెలియదు. బుట్టలో చిన్న చిన్న లేత రంగు గులాబీలు ఉన్నాయి. పన్నీరు గులాబీలు. ఇక్కడికి విమానంలో వస్తాయట. నేను వచ్చినట్టే.

"సోమవారం నాకు ఇవి అయిదు కిలోలు కావాలి, బట్టీకి" అన్నాను గొప్పగా. కీర్తన అరవంలోకి మార్చి చెప్పింది. బట్టీ అనగానే ఆవిడ చేయి ఆగింది. "సన్యాసి అన్న బట్టీయా? ఇంకా ఉందా?" అని అడిగి, నిన్నటి పూలయితే సగం ధరకు ఇస్తానంది. మా నాన్నగారు కూడా నిన్నటి పూలే వాడేవారు.

పక్క కొట్లో అర కిలో చింతపండు, ఒక ఉప్పు ప్యాకెట్ కొన్నాను. "పప్పుచారుకా పిన్నీ?" అంది కీర్తన. నవ్వి ఊరుకున్నాను.

మళ్లీ ఆంగ్ మో కియో

శనివారం కీర్తన, ఆమె ఆఫీసు స్నేహితులు నలుగురు, నేను. వాళ్లు కిటికీలు పట్టుకున్నారు, నేను బానను పట్టుకున్నాను. చింతపండు నానబెట్టి, ఉప్పు వేసి, పీచుతో మెడ పైనుంచి మొదలుపెట్టాను. మొదటి రుద్దుకే నలుపు విరిగి ఎర్రటి రాగి తొంగి చూసింది. ఒళ్లు పొంగిపోయింది. చెయ్యి మరిచిపోలేదు. ఆ తెల్లటి పెచ్చుల దగ్గర చింతపండు పులుసు పడగానే సుయ్‌మని నురగ వచ్చింది. మురికి బాగా పోతోందని ఇంకొంచెం పోశాను. నాలుగు పెచ్చులు ఊడిపోయాయి. పైనున్న అయిదోది మొండికేసింది. బొటనవేలి గోరుతో గీకాను. చాలాసేపు గీకాక అదీ పోయింది.

మూడు గంటల్లో బాన పెళ్లిపందిట్లో బిందెలా మెరిసింది. పిల్లలందరూ చుట్టూ నిలబడి ఫోటోలు దిగారు. "శారద ఆంటీ, సూపర్ లా!" అన్నారు. నేను నడుం పట్టుకుని నవ్వుతూ నిలబడ్డాను.

అప్పుడే హమీదా భోజనం డబ్బాలతో లోపలికి వచ్చింది. నన్ను చూసింది. బానను చూసింది. డబ్బాలు నెమ్మదిగా కింద పెట్టింది.

"శారదా, చుక్కలు ఏవి?" అంది.

ఏ చుక్కలు అన్నాను. ఆమె మెడ దగ్గరికి వెళ్లి మెరిసే రాగి మీద చేత్తో తడిమింది. అక్కడ అయిదు సున్నపు చుక్కలు ఉండాలి అంది. సన్యాసి అంకుల్ తండ్రి పెట్టినవి, సున్నంలో బెల్లం కలిపి, బొటనవేలితో నొక్కి. ఆయనకు చదువు రాదు. పొయ్యి వెలిగించాక వేడి మెడ మీదుగా మెల్లగా పైకి ఎక్కుతుంది. అరచేయి పెట్టి చూస్తూ, ఒక్కో పువ్వుకు ఒక్కో చుక్క దాకా వేడి ఎక్కగానే మంట తగ్గించాలి. దాటిందా, పన్నీరు మాడు వాసన వేస్తుంది. ఈ ఫ్యాక్టరీలో రాసి పెట్టుకున్నది ఏదైనా ఉందీ అంటే ఆ అయిదు చుక్కలే. మిస్ టాన్ మొదటిసారి వచ్చినప్పుడు వాటి గురించి వినే మళ్లీ వస్తానంది. రాగి బానలు చాలా చోట్ల ఉంటాయి, ఇలా వేలితో రాసిన చదువు ఎక్కడుంది అందట.

"ఫోటో తీశారా?" అన్నాను. తియ్యలేదు. సోమవారం కొలిచి తీస్తామన్నారు.

నేను కింద కూర్చుండిపోయాను. ముప్ఫై ఏళ్లు. ఏడాదికి మూడు సెక్షన్లు. ప్రతి సెక్షన్‌కీ మొదటి ప్రయోగం ఒకటే, సున్నపురాయి మీద ఆమ్లం వేస్తే నురగ వస్తుంది, చూడండి అమ్మాయిలూ అని. నా చేతి కింద నురగ వస్తే మురికి అనుకున్నాను. చదువుకున్నదాన్ని నేను, చదువు రానాయన రాసింది చెరిపేశాను. హమీదా నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. "తినండి, చల్లారిపోతుంది" అని డబ్బా నా చేతిలో పెట్టింది. 

సన్యాసి అంకుల్ ఫ్లాటు

ఆదివారం పొద్దున్నే ఆయన ఇంటికి వెళ్లాం, నేను, కీర్తన, హమీదా. షెడ్డుకు రెండు వీధుల అవతల, అయిదో అంతస్తు. కుడి కంటికి ప్లాస్టిక్ డిప్ప కట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. వాళ్లమ్మాయి కాఫీ ఇచ్చి, ఎక్కువ మాట్లాడించొద్దని చెప్పి లోపలికి వెళ్లింది.

దారి పొడుగునా ఎలా చెప్పాలో వల్లె వేసుకున్నాను. అక్కడ కూర్చున్నాక ఒక్క వాక్యమే వచ్చింది. "అంకుల్, చింతపండు పెట్టి తోమేశాను. చుక్కలు పోయాయి."

 కాఫీ మీద మీగడ కట్టింది.

"అయిదూనా?"

"అయిదూ."

"నాకు వాటితోటి పని నేదమ్మా. నాకు చెయ్యే చెప్పీస్తాది" అన్నాడు.  "కానీ మా అయ్య ఫోటో ఒక్కటీ నేదు మా ఇంట్లో. ఆయన సంతకం నేదు. ఆ వేలే ఉన్నాది. పొద్దున్న పొయ్యి ఎలిగించీ ముందర నా వేలు దాని మీద పెట్టీవోడిని. సరిగ్గా అతికీది."

నేను ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు. ఓదార్చాలని నేనూ కోరుకోలేదు.

కాసేపటికి హమీదా నెమ్మదిగా అంది. సున్నం, బెల్లం మన దగ్గరే ఉన్నాయి. అంకుల్ చేయి పెట్టి చూపిస్తే మళ్లీ చుక్కలు పెట్టేయొచ్చు. మిస్ టాన్‌కు చెప్పకపోతే సరి. కొత్తవని తెలిస్తే ఇక చూడాల్సింది ఏముందని వెళ్లిపోతుంది, అప్పుడు పొయ్యి కూడా పోతుంది. ఆమె కళ్లలో భయం చూశాను. అబద్ధం ఆడే మనిషి కాదు. తాతల నాటిది చేజారిపోతుంటే ఎవరికైనా అలాంటి ఆలోచన వస్తుంది. నాకూ ఆ మాట తేలిగ్గా ఉంది. నా తప్పు ఎవరికీ తెలియకుండా పోతుంది.

"అంకుల్, మీరేమంటారు?" అన్నాను.

"చుక్కలు నాను పెడతాను. చెప్పడం, చెప్పకపోడం నాకొద్దు. తప్పు నీది, నోరు నీది" అన్నాడు. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు తలెత్తాడు. "నాలుగే పెడతానమ్మా. ఒకటి రోజా, ఒకటి పాండన్ వాసనాకు, ఒకటి మల్లి, ఒకటి నిమ్మగడ్డి. పైనున్నాదే, అయిదోది, అది ఏ పువ్వుదో నాకూ తెల్దు. అయ్యని అడుగుదుము అడుగుదుము అనుకుంటుండగానే ఆయన సుదా అయిపోనాడు."

సుదా అంటే అయిపోవడమని కీర్తన నా చెవిలో చెప్పింది. చెప్పకపోయినా తెలిసింది.

సోమవారం

పొద్దున తొమ్మిదికే అయిదు కిలోల గులాబీలు వచ్చాయి. కంటి డిప్పతో, కూతురి చేత తిట్లు తింటూ, అంకుల్ వచ్చి బాన పక్కన ఎత్తు కుర్చీలో కూర్చున్నాడు. మెరుస్తున్న రాగిని ఒంటి కంటితో చూసి "పెళ్లికూతుర్ని చేసీసినావు ముసిల్దాన్ని" అన్నాడు. ఆయన నవ్వుతున్నాడో లేదో తెలియలేదు.

మూత చుట్టూ ఆవిరి పోకుండా మట్టి మెత్తాలి. ఆ పని నేను చేస్తానన్నాను. బంకమట్టిలో దూది పింజలు వేసి పిసికి, తాడులా పేని, సందులో నొక్కుకుంటూ వచ్చాను. చిన్నప్పుడు బానలు తోమడం కాక నాకు తెలిసిన పని ఇదొక్కటే. అంకుల్ చేత్తో తడిమి చూసి "ఊఁ, చెయ్యి తెలిసినదే" అన్నాడు. రెండు రోజుల తర్వాత నిండుగా ఊపిరి పీల్చుకున్నాను.

మిస్ టాన్ పదింటికి వచ్చింది. చిన్నమ్మాయి, ముప్ఫై దాటి ఉండవు, చేతిలో కొలత టేపు, మెడలో కెమెరా. చుక్కల కోసం ముందు ఉత్త నీళ్లే కాచాలని, పూలు తర్వాతనీ అంకుల్ అంటే గ్యాస్ పొయ్యి వెలిగించారు. అంకుల్ అరచేయి మెడ మీద ఆనించి కూర్చున్నాడు. అరగంటకు గొంతులోంచి చిన్న శబ్దం చేసి, సున్నం గిన్నెలో బొటనవేలు ముంచి రాగి మీద నొక్కాడు. "రోజా." చేయి జరిపాడు. కొంచెం సేపటికి "పాండన్." ఇంకాసేపటికి మల్లె, దాని పైన నిమ్మగడ్డి. అమ్మాయి కెమెరా టకటకమంటోంది.

"సో, ఈయన పాత గుర్తుల మీదే మళ్లీ సున్నం వేస్తున్నారా?" అని అడిగింది.

హమీదా నా వైపు చూడలేదు. గొట్టం వైపు చూస్తూ నిలబడింది. 

"లేదమ్మా" అన్నాను. "పాతవి లేవు. శనివారం నేను తోమి చెరిపేశాను. నన్నెవరూ తోమమని చెప్పలేదు. ఇవి ఇప్పుడు పెడుతున్నవే."

కెమెరా ఆగింది. ఆ అమ్మాయి నా మొహం చూసి, పుస్తకం తీసి, రాసుకుంది. ఏ పదార్థం వాడారు అంది. చింతపండు అన్నాను. ఎన్ని గంటలు అంది. చెప్పాను. డాక్టరు దగ్గర రోగం చెప్పుకున్నట్టు ఒక్కోటీ చెప్పాను. ఆమె కోప్పడలేదు, ఫరవాలేదనీ అనలేదు. రాయడం అయ్యాక అంకుల్ దగ్గరకు వెళ్లి, నేను కూడా చేయి పెట్టొచ్చా అంది. ఆయన ఆమె చేయి పట్టుకుని కింద నుంచి పైకి మెల్లగా జరిపాడు. వేడి చోటు తగలగానే చటుక్కున లాక్కుంది.

"పానాస్! పానాస్!" అని మలయ్‌లో వేడి, వేడి అంటూ నవ్వాడు అంకుల్. "అదే, అక్కడే. నీ చెయ్యి చెప్పీసింది చూసినావా?"

ఆ అమ్మాయి నవ్వుతూ చేయి ఊదుకుని, మళ్లీ పెట్టింది. ఈసారి కాసేపు ఉంచింది.

అప్పుడు అంకుల్ నన్ను పిలిచాడు. "అయిదోది ఎక్కడుండీదో గేపకం ఉన్నాదా?"

ఉంది. ఎందుకు లేదు? దాని మీదే ఎక్కువసేపు గీకాను. నాలుగోదానికి జానెడు పైన, కొంచెం ఎడమగా, గొట్టం వంగే చోట. వేలు పెట్టి చూపించాను.

"పెట్టు మరి."

"నేనా? మీరు పెట్టండి అంకుల్."

"నాకు తెల్దన్నాను కదా. తెలియంది నాను పెట్టను. అది ఎక్కడుండీదో తెలిసినోళ్లు ఈ బూమ్మీద నువ్వొక్కదానివే. నీ గోరుతో గీకినావు, నీ వేలితోనే పెట్టు. గెట్టిగా నొక్కు, అయిదు లెక్కెట్టీదాకా తియ్యకు."

సున్నంలో వేలు ముంచి నొక్కాను. రాగి కాలుతోంది. ఒకటి, రెండు, మూడు. కళ్లు మూసుకుని అయిదు దాకా లెక్కపెట్టాను. తీసేసరికి వేలు ఎర్రగా కందింది. మిస్ టాన్ ఆ చుక్కను ఫోటో తీసి, కొలిచి, ఏదో రాసింది. ఏం రాశావమ్మా అంటే చదివి వినిపించింది. "అయిదో గుర్తు. ఏ పువ్వుదో తెలియదు. చోటు చూపించినది, దాన్ని చెరిపినావిడ."

తర్వాత పూలు వేసి, మూత మళ్లీ మెత్తి, వేడి రోజా చుక్క దాటనివ్వకుండా కాచారు, సాయంత్రానికి కూజా నిండింది. అందరికీ చేతుల్లో పోశారు. మాడు వాసన లేదు. హమీదా రెండు చేతులతో మొహానికి రాసుకుని, తర్వాత నా దగ్గరకు వచ్చి నా మొహానికీ రాసింది.

ఇంటికి

తిరిగి వచ్చేటప్పుడు సామానులో ఒక చిన్న సీసా తెచ్చుకున్నాను. బొటనవేలి గీతల్లో సున్నం ఇరుక్కుపోయి, ఎంత కడిగినా వారం దాకా పోలేదు. కొత్త చీర కొంగు మీద తెల్లటి వేలిముద్రలు పడ్డాయి, మా వారు చూసి నవ్వారు.

మొన్న హమీదా దగ్గర్నుంచి కబురొచ్చింది. షెడ్డు పోతుంది, పడగొట్టడం ఖాయం. పొయ్యీ, బానా, ఆ మూలగోడా మాత్రం ఉన్నచోటే ఉంచి చుట్టూ కొత్త కట్టడం కడతారట. ఒక షరతు పెట్టారు, అంకుల్ ఓపిక ఉన్నంత కాలం నెలకోసారి బట్టీ వెలిగించి ఇద్దరికి చేయి నేర్పాలి. ఆ ఇద్దరిలో ఒకరు మిస్ టాన్ అట. ఫోటో కూడా పంపింది. నేను పెట్టిన మెరుపు అప్పుడే తగ్గి, రాగి మళ్లీ గోధుమ రంగుకు తిరుగుతోంది. మెడ మీద నాలుగు వెడల్పాటి చుక్కలు, వాటి పైన చిన్నది ఒకటి.

ఆ ఫోటో పెద్దది చేసి చూస్తూ కూర్చున్నాను. ఆ చిన్న చుక్కను చూసి, నా వేలిని చూసుకున్నాను. అప్పుడు తట్టింది. మా నాన్నగారికి తాంబూలం అలవాటు లేదు. ఇంటికి వెల్ల వేసే మనిషీ కాదు. మరి ఆయన పంచెల మీద ఆ సున్నపు మరకలు ఎక్కడివి? శనివారం పొద్దున్నే పొయ్యి రాజేసి, చిన్న గిన్నె పట్టుకుని ఒక్కరూ బట్టీలోకి వెళ్లేవారు. తలుపు దగ్గరకు వేసుకునేవారు. కాసేపటికి పంచెకు వేలు తుడుచుకుంటూ బయటికి వచ్చేవారు. ఏం చేస్తున్నారని నేనెప్పుడూ అడగలేదు.

శుక్రవారం శుక్రవారం నేను తోమేదాన్ని. శనివారం శనివారం ఆయన మళ్లీ పెట్టుకునేవారు. తోమొద్దని ఒక్కసారి కూడా అనలేదు.